బైక్ క్యాంపింగ్‌కి టెంట్ కొంటున్నారా? బరువు కంటే ముందు పొడవు చూడండి

టెంట్ల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు కాలినడకన కొండలెక్కేవాళ్లు రాసినవే. టెంటును వీపున మోయాలి కాబట్టి వాళ్లు ప్రతి వంద గ్రాములకూ లెక్క చూస్తారు. తేలిక కోసం అగరబత్తి ప్యాకెట్ కవరంత పల్చటి గుడ్డకు కూడా ఒప్పుకుంటారు. బండి మీద వెళ్లేవాళ్ల లెక్క వేరు. టెంట్ కిలోన్నర ఉన్నా, రెండున్నర కిలోలున్నా బండికి పెద్ద తేడా తెలియదు. అదే మడిచిన టెంట్ 45 సెంటీమీటర్లకు బదులు 65 ఉంటే సైడ్ బ్యాగులో పట్టదు. సీటు మీద అడ్డంగా కడితే రెండువైపులా పొడుచుకొస్తుంది. అందుకే టెంట్ వెతుకులాట షాపులో కాకుండా, మీ బండి పార్క్ చేసిన చోట మొదలుపెట్టండి.

1. టేపు తీసుకుని బండిని కొలవండి

టెంట్ కూర్చోవడానికి బండి మీద మూడు చోట్లు ఉంటాయి: సైడ్ బ్యాగు లోపల, వెనక సీటు మీద అడ్డంగా, వెనక క్యారియర్ మీద. మూడింటినీ కొలిచి రాసుకోండి.

సైడ్ బ్యాగుల లోపలి పొడవు సాధారణంగా 40 నుంచి 45 సెం.మీ. దాకా ఉంటుంది. బయటి కొలత చూసి సరిపోతుందని అనుకోవద్దు, మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి లోపల రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. సీటు మీద అడ్డంగా కట్టేవాళ్లకు 50 వరకు ఇబ్బంది లేదు. కింద సైడ్ బ్యాగుల ఊతం ఉంటే 55, 60 కూడా నడుస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటి బండికి హ్యాండిల్ బార్ వెడల్పే 80 సెం.మీ. పైన ఉంటుంది కదా, 70 సెం.మీ. టెంట్ కట్టినా దాని లోపలే ఉంటుందిగా అని కొందరంటారు. హ్యాండిల్ కళ్ల ముందు ఉంటుంది కాబట్టి అది దూరుతుందో లేదో తెలుస్తుంది. వెనక కట్టింది కనిపించదు. ఊళ్లో ఆగి ఉన్న ఆటోల మధ్య నుంచి పోతున్నప్పుడు తగిలేది అదే. పైగా బండెక్కేటప్పుడు, దిగేటప్పుడు కాలు దాని మీదుగా తిప్పాలి.

వెనక ఇంకొకరు కూర్చుంటే సీటు లెక్కలోంచి పోయినట్టే. అప్పుడు మిగిలేవి సైడ్ బ్యాగు, క్యారియర్ మాత్రమే. క్యారియర్ ఎంత బరువు మోస్తుందో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, తప్పకుండా చూడండి. వెనక చక్రం ఇరుసు దాటి ఎంత వెనక్కి బరువు పెడితే ముందు చక్రం అంత తేలికవుతుంది. మట్టి రోడ్డు మీద, ఘాట్ మలుపుల్లో ఆ తేడా హ్యాండిల్‌లో తెలుస్తుంది.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు నా సలహా సూటిగా ఇదే: మడిచాక 45 సెం.మీ. దాటని టెంట్, బరువు మూడు కిలోల లోపు.

2. పొడవును నిర్ణయించేది గుడ్డ కాదు, పోల్స్

టెంట్ గుడ్డని ఎలాగైనా కుక్కవచ్చు. మడతపడనివి పోల్స్, అంటే టెంట్‌ని నిలబెట్టే కర్రల ముక్కలే. ఫైబర్‌గ్లాస్ పోల్స్ ఉండే చవక డోమ్ (గుమ్మటం ఆకారపు) టెంట్లలో ఒక్కో ముక్క 55 నుంచి 65 సెం.మీ. ఉంటుంది. మంచి అల్యూమినియం పోల్స్ మడిస్తే 40 నుంచి 45 మధ్య ఉంటాయి. సైకిల్ మీద క్యాంపింగ్ చేసేవాళ్ల కోసం తయారుచేసే టెంట్లలో 30 దాకా కూడా దిగుతాయి. అవి బైక్‌కి బ్రహ్మాండంగా సరిపోతాయి, కాకపోతే ధర ఎక్కువ.

ఇప్పటికే మీ దగ్గర పొడవాటి పోల్స్ ఉన్న టెంట్ ఉంటే దాన్ని పక్కన పడేయక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన సంచీని మర్చిపోండి. పోల్స్‌ని విడిగా చుట్టి సీటు పక్కన పొడవునా కట్టండి, గుడ్డని డ్రై బ్యాగులో (నీళ్లు దిగని సంచీలో) వేసి సైడ్ బ్యాగులో నొక్కండి. కొత్త టెంట్ కొన్నవాళ్లు కూడా ఇలా సర్దుకుంటే చోటు చాలా కలిసొస్తుంది.

పోల్స్ ఏ సరుకుతో చేశారన్నది ఇంకా ముఖ్యం. ఫైబర్‌గ్లాస్ గాలికి వంగి వంగి ఒక్కసారిగా నిలువునా చీలుతుంది. ఆ చీలికని చేత్తో పట్టుకుంటే సన్నటి ముళ్లు దిగుతాయి. అల్యూమినియం విరగడానికి ముందు వంగుతుంది. దాన్ని మెల్లగా సరిచేసి, పైన చిన్న గొట్టం తొడిగితే ఆ రాత్రి గడిచిపోతుంది. వివరాల్లో 7001 అనో 7075 అనో రాసి ఉంటే అది అల్యూమినియం మిశ్రమం రకం. 8.5 మిల్లీమీటర్ల మందం మన అవసరాలకు చాలు. డబ్బు ఎక్కడ తగ్గించుకున్నా పోల్స్ దగ్గర తగ్గించవద్దు.

పోల్స్‌ని మడిచేటప్పుడు ఒక చివర నుంచి కాకుండా మధ్య నుంచి మొదలుపెట్టండి. లోపలి ఎలాస్టిక్ తాడు రెండువైపులా సమానంగా సాగి ఎక్కువ కాలం ఉంటుంది.

3. ఎక్కడ, ఏ నెలలో పడుకుంటారు?

అన్ని చోట్లకూ సరిపోయే టెంట్ ఉండదు. మీరు నిజంగా వెళ్లే చోట్లను రాసుకోండి. ఎప్పుడో లడఖ్ వెళ్తామన్న ఊహతో మంచు తుఫానుకు తట్టుకునే టెంట్ కొని, దాన్ని ఏప్రిల్‌లో అనంతగిరి కొండల్లో వేసుకుని ఉడికిపోయేవాళ్లు చాలామంది.

గండికోటలో పెన్న లోయ అంచు దగ్గర కింద అంతా రాయి. టెంట్‌ని నేలకు బిగించే పెగ్గు (మేకు) దిగదు. అక్కడ పెగ్గులు లేకుండా తనంతట తాను నిలబడే టెంటే కావాలి, తాళ్లను పెద్ద రాళ్లకు కట్టుకోవాలి. లంబసింగి, వంజంగి, అరకు వైపు శీతాకాలంలో చలికంటే పొగమంచు, చెమ్మ ఎక్కువ బాధపెడతాయి. తెల్లారేసరికి టెంట్ మీద కప్పే పై కవరు నీళ్లు కారుతుంటుంది. మారేడుమిల్లి వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, పురుగూ పుట్రా. కోస్తాలో అక్టోబర్, నవంబర్ అంటే వాయుగుండాల కాలం కూడా. సూర్యలంక లాంటి బీచ్‌లో మామూలు పెగ్గు ఇసుకలో నిలవదు. క్యారీ బ్యాగులో ఇసుక నింపి, తాడు కట్టి, జానెడు లోతున పాతిపెడితే నిలుస్తుంది. హిమాలయాల్లోని స్పితి, లడఖ్‌లలో మధ్యాహ్నం తర్వాత లేచే గాలి, దాంతోపాటు వచ్చే సన్నటి దుమ్ము అసలు పరీక్ష.

ఇంకో మాట కూడా ఇక్కడే. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో నచ్చిన చోట టెంట్ వేయడం కుదరదు, ఆ రోడ్ల మీద రాత్రిపూట రాకపోకలకే ఆంక్షలున్నాయి. హిమాచల్‌లోని చంద్రతాల్ సరస్సు ఒడ్డున కూడా టెంట్లు వేయనివ్వరు, దూరంగా కేటాయించిన చోటే వేయాలి. వేరేచోట్ల కూడా పొలం ఎవరిదో కనుక్కుని ఒక మాట అడిగితే చాలాసార్లు కాదనరు, పైగా నీళ్లు ఎక్కడ దొరుకుతాయో కూడా చెబుతారు.

4. ఆకారం

రెండు పోల్స్ అడ్డంగా దాటుతూ నిలబెట్టే డోమ్ టెంట్ మనలో ఎక్కువమందికి సరైనది. రాయి మీద, సిమెంటు మీద, లాడ్జి డాబా మీద కూడా నిలుస్తుంది. వేసిన చోట నేల ఎత్తుపల్లంగా ఉంటే అలాగే ఎత్తి పక్కకు జరపవచ్చు.

సెమీ ఫ్రీస్టాండింగ్ అనేవి ఇంకాస్త తేలిక. నేచర్‌హైక్ క్లౌడ్ అప్ ఇలాంటిదే, మన రైడర్లలో బాగా కనిపిస్తుంది. తల వైపు పోల్ తనంతట తాను నిలుస్తుంది, కాళ్ల వైపు మూలల్ని మాత్రం పెగ్గులతో లాగి కట్టాలి. రాతినేల మీద ఆ రెండు మూలలకు బరువైన రాళ్లు వెతుక్కోవాలి, అంతే తేడా.

సొరంగంలా పొడవుగా ఉండే టన్నెల్ టెంట్లలో చోటు బాగుంటుంది, కానీ పెగ్గులు లేకపోతే అవి నిలబడవు. మధ్యలో ఒకే కర్ర ఉండే పిరమిడ్ టెంట్లదీ అదే కథ.

బటన్ నొక్కితే గొడుగులా తెరుచుకునే ఆటోమేటిక్ టెంట్లు ఆన్‌లైన్‌లో చాలా చవకగా కనిపిస్తాయి. కారు డిక్కీలో వేసుకెళ్లేవాళ్లకు బాగుంటాయి. వాటి ఫ్రేమ్ విడిపోదు కాబట్టి మడిచాక పొడుగ్గానే ఉంటాయి. విసిరితే తెరుచుకునేవి మడిస్తే పెద్ద పళ్లెంలా గుండ్రంగా అవుతాయి, బండి మీద వాటిని ఎక్కడ కట్టినా గాలికి అడ్డమే. ఈ రెండు రకాలూ వద్దు.

బండిని కూడా లోపల పెట్టుకునేలా గ్యారేజీ ఉన్న మోటార్‌సైకిల్ టెంట్లు విదేశాల్లో దొరుకుతాయి. లోన్ రైడర్, రెడ్‌వెర్జ్ పేరున్నవి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ బరువు ఐదు కిలోలు దాటుతుంది, పరవడానికి చదునైన నేల చాలా కావాలి. వేడి సైలెన్సర్‌నీ పెట్రోలు వాసననీ పడుకునే చోటికి తెచ్చుకోవడం ఎందుకు? బండికి ఒక కవరు, డిస్క్ లాక్ చాలు.

ఊయల టెంట్ మడిస్తే చెంబంత అవుతుంది, కానీ సరైన దూరంలో రెండు గట్టి చెట్లు దొరకాలి. తెలంగాణ రాళ్లగుట్టల్లో, రాయలసీమ తుప్పల్లో అది కష్టం. అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు బారులు తీరి ఉంటాయి నిజమే, కానీ వాటికి మిరియాల తీగలు పాకించి ఉంటారు. అడక్కుండా పట్టీ బిగిస్తే రైతు తీగ నలుగుతుంది.

ఎండాకాలానికి, వాన లేనప్పుడు, ఒక బరకం, ఒక దోమతెర, రెండు కర్రలు చాలు. ఇంతకంటే చిన్నగా మడిచేది, చవకైనది ఇంకోటి లేదు. తాడుని మాత్రం బండి హ్యాండిల్‌కి కట్టవద్దు. రాత్రి గాలికి బరకం లాగితే సైడ్ స్టాండ్ మీద ఉన్న బండి పక్కకు ఒరగవచ్చు, అదీ మీ వైపే.

5. "ఇద్దరికి" అంటే ఒకరికి

లేబుల్ మీద రాసే మనుషుల సంఖ్య, భుజాలు ఆనించుకుని పడుకునే లెక్క. సామాను ఆ లెక్కలో లేదు. రైడర్‌కేమో హెల్మెట్, జాకెట్, బూట్లు, మోకాలి గార్డులు, ట్యాంక్ బ్యాగు ఉంటాయి. ఒంటరిగా వెళ్తే ఇద్దరి టెంట్, ఇద్దరు వెళ్తే ముగ్గురి టెంట్ తీసుకోండి.

వెడల్పు: నేల మీద పరిచే మ్యాట్ 50 నుంచి 60 సెం.మీ. ఉంటుంది. ఇద్దరి టెంట్ 120 నుంచి 130 ఉంటే ఒక మ్యాట్, పక్కన మొత్తం సామాను పడతాయి. పొడవు: మీ ఎత్తుకి ఇంకో 30 సెం.మీ. కలపండి. గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి అంత లేకపోతే కాళ్లు, తల గుడ్డకి తగిలి చెమ్మ అంటుకుంటుంది. ఎత్తు: కూర్చుని రైడింగ్ ప్యాంటు వేసుకోవడానికి వీలుగా మధ్యలో కనీసం ఒక మీటరు.

గుమ్మం ముందు పై కవరు కొంచెం ముందుకొచ్చి చిన్న వసారాలా ఉండాలి. బురద బూట్లు, తడిసిన రెయిన్ కోటు అక్కడే ఉంటాయి. ఇద్దరు పడుకునే టెంట్‌కి రెండు గుమ్మాలుంటే అర్ధరాత్రి ఒకరిమీద నుంచి ఒకరు దాటే పని ఉండదు.

6. గుడ్డ మీద ఉండే అంకెలు

అమ్మకం పేజీల్లో 3000 ఎం.ఎం. అని కనిపిస్తుంది. గుడ్డ మీద అంత ఎత్తున నీటిని నిలబెట్టినా కారదని అర్థం. శీతాకాలం మంచుకి, అప్పుడప్పుడు పడే చినుకులకి పై కవరు 1500 చాలు. వానాకాలంలో వెళ్లేవాళ్లు 3000 చూసుకోండి. నేల మీద మోకాలు ఆనితే పడే ఒత్తిడి ఇంకా ఎక్కువ కాబట్టి అడుగు 5000 ఉంటే మంచిది. అంకె ఎంతున్నా కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి లేకపోతే నీళ్లు కుట్టు రంధ్రాల్లోంచే వస్తాయి.

డీనియర్ అంటే దారం మందం. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. 20 డీనియర్ గుడ్డ బలంగానే ఉంటుంది, కానీ తుమ్మముల్లుకి, గులకరాళ్లకి త్వరగా లొంగుతుంది. బరువు సమస్య లేని మనం పైన 40 నుంచి 70, కింద 70 ఆపైన తీసుకుంటే నిశ్చింత.

నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, రాత్రి లేచి తాళ్లు బిగించుకోవాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకు కూడా కొంచెం మెరుగ్గా ఆగుతుంది. మన ఎండలకు నా ఓటు పాలిస్టర్‌కే.

7. గాలి ఆడుతుందా?

మన దగ్గర టెంట్లలో నిద్రపట్టకపోవడానికి పెద్ద కారణం వాన కాదు, ఉక్క. మనం వదిలే ఊపిరిలోని ఆవిరి చల్లబడిన పై కవరుకి తగిలి నీళ్లవుతుంది. టెంట్ కారుతోందని తిట్టుకునేవాళ్లలో సగంమంది తిట్టేది తమ ఊపిరినే. ఒకే పొర టెంట్లలో ఆ నీళ్లు నేరుగా దుప్పటి మీద పడతాయి. అందుకే రెండు పొరల టెంట్ తీసుకోండి. లోపలిది దోమతెర గుడ్డ, బయటిది వాన కవరు, మధ్యలో అరచేయి పట్టేంత ఖాళీ. పై కవరు నేలకి పూర్తిగా ఆనకూడదు, పైన రెండు గాలి కిటికీలు ఉండాలి.

ఎండాకాలంలో వాన కవరు తీసేసి లోపలి దోమతెర మాత్రమే వేసుకుని పడుకోవచ్చు, ఈ ఒక్క సౌకర్యం కోసమైనా లోపలిది విడిగా నిలబడే రకం తీసుకోవాలి. స్పితి వైపు ఎక్కువ తిరిగేవాళ్లకు మాత్రం పూర్తి దోమతెర వద్దు. దుమ్ము, చలిగాలి లోపలికి వస్తాయి, సగం వరకు గుడ్డ ఉన్నది చూడండి.

లోపలి గది అడుగు తొట్టిలా జానెడు పైకి లేచి ఉండాలి, జిప్పు మొత్తం మూసుకోవాలి. తేళ్లు, జెర్రులు, పాములు ఉన్న చోట ఇది రాజీపడే విషయం కాదు. బయట పెట్టిన బూట్లను పొద్దున్నే దులపకుండా వేసుకోవద్దు.

ఎంత వాన పడుతున్నా టెంట్ లోపల స్టవ్ వెలిగించవద్దు, బొగ్గుల కుంపటి పెట్టవద్దు. నిప్పు అంటుకోవడం ఒక భయమైతే, వాసన కూడా రాని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

8. వానలో ఎలా వేస్తారు?

కొన్ని టెంట్లలో ముందు లోపలిది నిలబెట్టి తర్వాత పై కవరు కప్పాలి. వానలో అయితే కప్పేలోపు అడుగున నీళ్లు నిలుస్తాయి. పై కవరు ముందు వేసి లోపలిది తర్వాత తగిలించే రకాలు, రెండూ కలిపే ఒకేసారి నిలబెట్టే రకాలు ఉన్నాయి. వానాకాలం రైడ్లు చేసేవాళ్లకు ఇది పెద్ద తేడా. మిగతావాళ్లు దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

అడుగున పరిచే పట్టా టెంట్ కంటే అన్నివైపులా రెండు అంగుళాలు చిన్నగా ఉండాలి. బయటికి కనిపిస్తే పై కవరు నుంచి కారే నీళ్లన్నీ దాని మీద పడి మీ కిందికే వస్తాయి. కిరాణా షాపుల దగ్గర దొరికే ప్లాస్టిక్ బరకాన్ని కొలిచి కత్తిరించుకుంటే చాలు, కంపెనీది కొనక్కర్లేదు.

9. కొనేముందు, కొన్నాక

డెకాథ్లాన్ లాంటి షాపుల్లో కొన్ని టెంట్లు వేసి ఉంచుతారు. మొహమాటపడకుండా లోపలికి వెళ్లి పడుకోండి, హెల్మెట్ పక్కన పెట్టుకుని చూడండి. జిప్పుని ఒక్క చేత్తో నాలుగైదుసార్లు లాగండి. గుడ్డను పదేపదే కొరుకుతుంటే ఆ మోడల్ వదిలేయండి, టెంట్‌లో మొదట పాడయ్యేది జిప్పే. టేపు వెంట తీసుకెళ్లి మడిచిన సంచీని మీరే కొలవండి. తొలిసారి వెళ్లేవాళ్లు హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల అద్దెకు తీసుకుని ఒక రాత్రి గడిపి ఆ తర్వాత కొనడం తెలివైన పని.

కొన్న వారంలోనే ఇంటి డాబా మీద వేయండి. అక్కడ పెగ్గులు దిగవు కాబట్టి అది తనంతట తాను ఎంత నిలుస్తుందో అప్పుడే తెలుస్తుంది. పైపుతో ఓ ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టి, లోపల కూర్చుని మూలలు, కుట్లు, జిప్పు చుట్టూ వేలితో తడిమి చూడండి. తర్వాత చీకట్లో, హెడ్ టార్చ్ వెలుగులో, ఇంకెవరి సాయం లేకుండా ఒకసారి వేసి తీయండి. వాపసు ఇచ్చే గడువు దాటకముందే ఇదంతా జరగాలి.

10. బండి మీద కట్టడం

బరువైనవి కింద, సైడ్ బ్యాగుల్లో. టెంట్ మాత్రం అన్నిటికంటే పైన, తీయగానే చేతికొచ్చేలా. వానలో చేరుకున్నప్పుడు మొదట కావలసింది అదే. కొక్కేలున్న బంగీ తాళ్లు (రబ్బరులా సాగేవి) ఊడి చక్రంలో చుట్టుకునే ప్రమాదం ఉంది, కంటికి తగిలిన సందర్భాలూ ఉన్నాయి. బకిల్‌తో బిగించే పట్టీలు వాడండి. వేలాడే చివరల్ని చుట్టి దోపండి, చైనుకీ చక్రానికీ అందకూడదు. సైలెన్సర్ వైపు గుడ్డ తగలకుండా చూడండి, నైలాన్ నిమిషాల్లో కరిగిపోతుంది. ఇండికేటర్లు, వెనక లైటు, నంబర్ ప్లేటు కనిపించాలి. బయల్దేరిన ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగి పట్టీలు బిగించుకోండి, సామాను సర్దుకుని వదులవుతుంది.

పొద్దున్నే తడిసిన పై కవరుని పొడి లోపలి గదితో కలిపి మడవొద్దు. దానికి వేరే సంచీ పెట్టుకోండి. మధ్యాహ్నం టీ తాగడానికి ఆగినప్పుడు బండి మీద పరిస్తే పావుగంటలో ఆరిపోతుంది.

11. ఇంటికొచ్చాక

ఎంత అలసటగా ఉన్నా ఆ రోజో మర్నాడో టెంట్ విప్పి నీడలో ఆరబెట్టండి. తడితో మూలన పెడితే బూజు పడుతుంది, లోపలి పూత కొన్నాళ్లకు జిగురుగా మారి వాసన వస్తుంది. ఆ దశకు వచ్చినదాన్ని బాగుచేయలేం. వాషింగ్ మెషీన్‌లో వేయవద్దు, మెత్తటి గుడ్డతో చన్నీళ్లతో తుడిస్తే చాలు. ప్రతిసారీ అవే మడతల్లో పెడితే అక్కడే పూత పగులుతుంది కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడు పెద్ద నూలు సంచీలో వదులుగా పడేయండి. జిప్పు పళ్లలో దుమ్ము ఉంటే పాత టూత్ బ్రష్‌తో దులపండి.

టెంట్ సంచీలో ఎప్పుడూ ఉండాల్సినవి: పోల్ విరిగితే తొడిగే గొట్టం, గుడ్డకి అతికే టేపు ముక్క, పది అడుగుల అదనపు తాడు, నాలుగు ఎక్కువ పెగ్గులు. బయల్దేరే ముందు పెగ్గులు లెక్కపెట్టుకోండి. గడ్డిలో మర్చిపోయే వస్తువుల్లో వాటిదే మొదటి స్థానం, వాటి తలకు ఎర్రటి తాడు ముక్క కడితే కొంచెం తక్కువ పోతాయి.